ఆఫ్రికా సఫారీకి సిద్ధం కావడం ఎలా: తేదీలు, టీకాలు, 15 కిలోల సంచి

సఫారీ అనగానే మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, చేత కర్ర పట్టుకుని అడవిలో నడిచే మనిషి చాలామంది కళ్ల ముందు మెదులుతాడు. ఆఫ్రికా సఫారీకి వెళ్లినవారు నిజానికి ఎక్కువగా చేసే పని కూర్చోవడం. తెల్లవారుజామున ఆరింటికి బండెక్కితే పది గంటలకో, ఆ తర్వాతో దిగుతారు. మధ్యాహ్నం మూడున్నరకో నాలుగింటికో మళ్లీ ఎక్కితే పొద్దుగూకేవేళకు దిగుతారు. నడుమ సింహాలూ నిద్రపోతాయి, మీరూ నిద్రపోతారు. కాబట్టి సన్నాహమంతా ఆ సీటును దృష్టిలో పెట్టుకునే చేయాలి: అక్కడ చలి ఎంత, దుమ్ము ఎంత, చేతికి అందేలా ఏముండాలి, నడుము ఎన్ని గంటలు ఓర్చుకుంటుంది. కొండలెక్కే యాత్రకు కొన్నట్టు సామాను కొనేవారికి సగం డబ్బు దండగ.

ఇక్కడ చెప్పేదంతా తూర్పు ఆఫ్రికాలోని కెన్యా, టాంజానియా, ఉగాండాలకూ, ఖండం దక్షిణ భాగంలోని బోట్స్‌వానా, జింబాబ్వే, జాంబియా, నమీబియా, దక్షిణాఫ్రికాలకూ వర్తిస్తుంది. పనులను చేయాల్సిన వరుసలోనే రాశాను.

1. ఏం చూడాలో తేల్చుకున్నాకే నెల ఎంచుకోండి

ముందు సెలవులు చూసుకుని, ఆ తేదీలకు దొరికిన ప్యాకేజీ కొనేయడం అందరూ చేసే పనే. వీలైతే దీన్ని తిరగేయండి. ఒకే అడవి ఫిబ్రవరిలో ఒకలా, ఆగస్టులో ఇంకోలా ఉంటుంది.

స్థూలంగా జూన్ నుంచి అక్టోబరు దాకా రెండు ప్రాంతాల్లోనూ పొడి కాలం. గడ్డి ఎండి కురచబడుతుంది, పొదలు పలచబడతాయి, నీళ్లు కొన్ని మడుగులకూ నదులకూ పరిమితమవుతాయి. జంతువులు అక్కడికి రాక తప్పదు కాబట్టి వెతుకులాట తగ్గుతుంది. మొదటిసారి వెళ్లేవారికి ఈ కాలమే మేలు. చిక్కల్లా జనం కూడా అప్పుడే వస్తారు.

వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మసాయి మారాల మధ్య ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. మొసళ్లున్న మారా నదిని అవి దాటే దృశ్యం సాధారణంగా జూలై, అక్టోబరుల మధ్య కనిపిస్తుంది. వాన ఎటు పడితే మంద అటు కదులుతుంది. ఒడ్డు దాకా వచ్చి గంటల తరబడి నిలబడి, దాటకుండానే వెనుదిరిగే రోజులూ ఉంటాయి. ఫలానా తేదీన నది దాటడం ఖాయంగా చూపిస్తామనే ఏజెంటు దగ్గర ఇంకేమీ కొనకండి. నన్నడిగితే, అంతగా పేరు పడని ఫిబ్రవరి నెల దీనికన్నా మిన్న. దక్షిణ సెరెంగెటిని ఆనుకుని ఉన్న ఎన్దుటు మైదానాల్లో ఈ జంతువులు కొద్ది వారాల వ్యవధిలోనే ఈనుతాయి. దూడ పుట్టిన కొద్ది నిమిషాలకే తడబడుతూ లేచి తల్లి వెంట పరుగు తీస్తుంది. చీతాలూ దుమ్ములగొండులూ ఆ చుట్టుపక్కలే కాచుకుని ఉంటాయి.

తూర్పున మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు. దారులు బురదమయమవుతాయి, కొన్ని క్యాంపులు, అంటే అడవిలోని బసలు, మూసేస్తారు. దక్షిణాన నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. గడ్డి ఎత్తుగా పెరిగి జంతువులు సరిగా కనబడవు కానీ, పక్షుల మీద మక్కువ ఉన్నవారికి వలస పక్షుల పండగ. ఒకవాంగో డెల్టాది మాత్రం వేరే లెక్క. అంగోలా ఎత్తైన ప్రాంతాల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రయాణించి, బోట్స్‌వానాలో చినుకు లేని జూన్, ఆగస్టుల మధ్య ఆ డెల్టాను నింపుతుంది. పడవలో తిరగాలనుకుంటే అప్పుడే వెళ్లాలి.

ఇక ఎన్ని చోట్లకు వెళ్లాలన్నది. ఒక్కో చోట కనీసం మూడు రాత్రులు ఉండండి. వారం రోజుల్లో ఐదు పార్కులు చూపించే పథకంలో మీరు ఎక్కువగా చూసేది రహదారినే. నైరోబీ నుంచి మసాయి మారాకు రోడ్డు మీద ఐదారు గంటలు, టాంజానియాలోని అరూషా నుంచి మధ్య సెరెంగెటికి ఏడెనిమిది గంటలు పడుతుంది. పైగా ఒకే గైడుతో రెండో రోజు, మూడో రోజు తిరిగితేనే నిన్నటి చిరుత ఏ చెట్టు మీద వేటను దాచిందో ఇవాళ వెళ్లి చూడగలుగుతారు.

2. డబ్బు కట్టేముందు బండి గురించి అడగండి

గది ఫొటోలు అందరూ పంపుతారు. బండి ఫొటో అడిగి తెప్పించుకోవాలి. తూర్పు ఆఫ్రికాలో ఎక్కువగా పైకప్పు ఎత్తి నిలబడి చూసే జీపులుంటాయి. దక్షిణాన పక్కలు పూర్తిగా తెరిచిన, మెట్లుమెట్లుగా సీట్లున్న బండ్లు ఎక్కువ. రెండో రకంలో ఫొటోకు అడ్డేమీ ఉండదు, అలాగే చలిగాలికీ అడ్డేమీ ఉండదు.

బండిలో ఎంతమంది ఎక్కుతారు, ప్రతి ఒక్కరికీ కిటికీ పక్క సీటు ఉంటుందా, పార్కు ప్రవేశ రుసుములు కలిపి చెప్పారా, ఫోన్లూ కెమెరాలూ చార్జ్ చేసుకునే వీలుందా అని రాతపూర్వకంగా అడగండి. క్యాంపు పార్కు లోపల ఉందా, బయట ఉందా అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. బయట ఉంటే రోజూ గేటు దాకా వచ్చిపోయే సమయం మీ ఉదయపు వెలుగులోంచే పోతుంది.

నిబంధనల్లో తేడా కూడా తెలుసుకోండి. సెరెంగెటి వంటి జాతీయ పార్కుల్లో దారి వదిలి గడ్డిలోకి బండి పోనివ్వకూడదు, రాత్రి సఫారీ ఉండదు. మారా చుట్టూ ఉన్న కన్జర్వెన్సీల్లో, అంటే మసాయి భూయజమానులు లీజుకిచ్చిన సంరక్షిత ప్రాంతాల్లో, ఆ రెండూ కుదురుతాయి. ఒక జంతువు దగ్గర ఎన్ని బండ్లు ఆగాలన్నదానికీ అక్కడ గట్టి హద్దు ఉంటుంది. ఖర్చు ఎక్కువే. ఒక రాత్రి తగ్గించుకునైనా అక్కడ ఉండొచ్చని నా అభిప్రాయం.

సొంతంగా నడుపుకుంటూ వెళ్లాలనుకుంటే దక్షిణాఫ్రికాలోని క్రూగర్, నమీబియాలోని ఎటోషా అనువైనవి. క్రూగర్‌లో తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40 దాటకూడదు. గేట్లు మూసే సమయానికి క్యాంపు చేరాల్సిందే. అనుమతించిన చోట్ల తప్ప బండి దిగకూడదు.

పిల్లలతో వెళ్లేవారు వయసు నిబంధనలు ముందే కనుక్కోవాలి. తెరిచిన బండ్లున్న క్యాంపుల్లో చాలావరకు చిన్నపిల్లల్ని ఎక్కించుకోవు. కాలినడక సఫారీకి పెద్దపిల్లల్నీ వద్దనేవి ఉన్నాయి. గొరిల్లాలను చూడటానికైతే 15 ఏళ్లు నిండాలి, ఆ పర్మిట్లు నెలల ముందే అయిపోతాయి.

3. కాగితాలు

పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత ఆరు నెలలు, అందులో కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండేలా చూసుకుంటే సాధారణంగా పేచీ ఉండదు. కెన్యా 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి ఇస్తోంది. కెన్యా, ఉగాండా, రువాండాలకు కలిపి ఒకే పర్యాటక వీసా ఉంది. టాంజానియా అందులో లేదు. జాంబియా, జింబాబ్వేలకు కలిపి కాజా యూనివీసా ఉంది, కానీ అది అన్ని దేశాల పౌరులకూ ఇవ్వరు. విక్టోరియా జలపాతాన్ని రెండు వైపుల నుంచీ చూడాలనుకునేవారు ముందు దాని సంగతి కనుక్కోండి. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందూ, బయల్దేరడానికి నెల ముందూ ప్రభుత్వ వెబ్‌సైట్లలో సరిచూసుకోండి.

4. టీకాలు, మలేరియా మాత్రలు: రెండు నెలల ముందు మొదలుపెట్టండి

ఆలస్యం చేస్తే ప్రయాణమే ఆగిపోయే పని ఇది. ప్రయాణ వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ప్రయాణ మార్గాన్ని విమానం మారే ఊళ్లతో సహా కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఎల్లో ఫీవర్ టీకాలో మెలిక అక్కడే ఉంది. మీరు ఏ దేశానికి వెళ్తున్నారన్నదే కాక, ఏ దేశం నుంచి వస్తున్నారన్నదీ చూస్తారు. నేరుగా టాంజానియాలో దిగేవారిని టీకా వేయించుకున్నట్టు చూపే పత్రం అడగకపోవచ్చు. కెన్యా మీదుగా వచ్చేవారిని అడుగుతారు. తిరిగి వచ్చేటప్పుడు మీ సొంత దేశమే అడిగి, పత్రం లేకపోతే క్వారంటైన్‌లో ఉంచే అవకాశమూ ఉంది. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లుబాటవుతుంది కాబట్టి పాత పత్రంపై పదేళ్ల గడువు రాసి ఉన్నా కంగారు అక్కర్లేదు. ఇది బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసే టీకా. గర్భిణులు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, 60 దాటాక తొలిసారి వేయించుకునేవారు ఆ సంగతులన్నీ డాక్టరుకు తప్పక చెప్పాలి.

మలేరియాకు టీకా మీద ఆధారపడే వీలు ప్రయాణికులకు లేదు. మాత్రలే వేసుకోవాలి. ఎక్కువగా మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. అటోవాక్వోన్–ప్రొగ్వానిల్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు రోజూ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ కూడా అలాగే మొదలుపెడతారు కానీ, వచ్చాక 4 వారాలు కొనసాగించాలి. పైగా దానితో చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది, రోజంతా ఎండలో ఉండే సఫారీకి అది ఇబ్బందే. మెఫ్లోక్విన్ వారానికి ఒక్కటే. కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యలు ఉన్నవారికి అది పనికిరాదు. ఏది మీకు సరిపోతుందో డాక్టరే నిర్ణయించాలి. పసిపిల్లలో గర్భిణులో ఉన్న కుటుంబమైతే దక్షిణాఫ్రికాలో మలేరియా లేని పిలానెస్‌బర్గ్, మడిక్వే, ఆడో వంటి చోట్లను ఎంచుకోవడం అన్నిటికన్నా తేలిక.

మాత్ర వేసుకుంటున్నా దోమ కుట్టకుండా చూసుకోవాలి. మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. పొద్దువాలగానే పొడుగు చేతుల చొక్కా, మేజోళ్లు వేసుకోండి, తెరిచి ఉన్న చర్మానికి డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందు రాసుకోండి. ఎండకు రాసుకునే క్రీమ్ ముందు, దోమల మందు ఆ పైన.

రోజూ వేసుకునే మందులను డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి. విరేచనాలకు, అలర్జీకి, కుదుపులకు వచ్చే వికారానికి మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు, కంటి చుక్కలు తీసుకెళ్లండి. అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చును భరించే బీమా తీసుకోండి. చాలా క్యాంపులకు పెద్దాసుపత్రి విమాన దూరంలోనే ఉంటుంది. నైరోబీ కేంద్రంగా ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఈ సేవ అందిస్తోంది. మీ బీమా కంపెనీ ఎవరి ద్వారా తరలిస్తుందో ముందే అడిగి, ఆ నంబరును ఫోన్‌లోనే కాక కాగితం మీదా రాసుకోండి.

5. 15 కిలోల సంచి

క్యాంపుల మధ్య తిరిగే చిన్న విమానాల్లో కెన్యా, టాంజానియాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోలే, బోట్స్‌వానాలో 20. ఇందులో చేతి సంచి, కెమెరా కూడా కలిసే ఉంటాయి. సామాను అర చాలా ఇరుకు కాబట్టి చక్రాల పెట్టెలు తీసుకోరు. మెత్తగా, నొక్కితే ఒదిగేలా ఉన్న గుడ్డ సంచి కావాలి. మిగతా సామాను ఉంటే దిగిన ఊళ్లోని హోటల్లో వదిలి వెళ్లొచ్చు.

ఏం సర్దాలో తేలాలంటే ఆరింటికి బండెక్కిన మనిషిని ఊహించుకోండి. జూలైలో బోట్స్‌వానాలోనో జింబాబ్వేలోనో తెరిచిన బండిలో ఉన్నారు. తెల్లవారుజామున గడ్డకట్టేంత చలి ఉండే రోజులుంటాయి, దానికి తోడు బండి వేగంతో వచ్చే గాలి. చేతి తొడుగులు లేకపోతే బైనాక్యులర్ చక్రం తిప్పడానికి వేళ్లు వంగవు. ఎనిమిదింటికి స్వెటర్ విప్పుతారు, తొమ్మిదిన్నరకు చొక్కా చేతులు మడుస్తారు, పదింటికి ఎండ చురుక్కుమంటుంది. కాబట్టి ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పొరలు మేలు: నూలు చొక్కా, దానిపై ఉన్ని లేదా ఫ్లీస్ స్వెటర్, ఆపైన గాలి చొరని పలుచటి జాకెట్. చెవులు మూసే ఉన్ని టోపీ ఒకటి, ఎండకు అంచులున్న టోపీ ఒకటి. రెండో దానికి గడ్డం కింద తాడు ఉండాలి, లేకపోతే మొదటి రోజే అది మైదానం పాలవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరే కదా చలేముంటుందని అనుకోకండి. టాంజానియాలోని ఎన్గొరొంగొరో అగ్నిపర్వత బిలం అంచు సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ ఏ నెలలోనైనా పొద్దున వణుకు పుడుతుంది.

మెడకు చుట్టుకునే పలుచటి నూలు కండువా ఒకటి ఉండాలి. ముందు బండి రేపిన దుమ్ములో ముక్కు మూసుకోవడానికి, కెమెరాపై కప్పడానికి, మెడ కందకుండా ఉండటానికి అదే ఆధారం. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు కళ్లద్దాలు తప్పక తెచ్చుకోండి, ఆ దుమ్ముకు లెన్సులు ఆగవు.

రంగుల గురించి అవసరానికి మించి చెబుతారు. బండిలో ఉన్నప్పుడు ఖాకీయే వేసుకోవాలన్న నియమమేమీ లేదు. తెలుపు ఒక్కరోజులో మట్టిరంగుకు తిరుగుతుంది, అంతే. కాలినడకకు మాత్రం మట్టి, ఆకు రంగులే కావాలి. అసలు మానేయాల్సినవి ముదురు నీలం, నలుపు. సెట్సీ ఈగలు వాటి మీదికే వస్తాయి, అందుకే వాటిని పట్టే ఉచ్చులను నీలం, నలుపు గుడ్డలతో చేస్తారు. పలుచటి బట్టలోంచి కూడా అవి కుట్టగలవు, దోమల మందుకు పెద్దగా లొంగవు. సైనికుల మచ్చల బట్టలు జింబాబ్వే, జాంబియా, ఉగాండాల్లో పౌరులు వేసుకోకూడదు. పిల్లల టోపీ అయినా సరే, ఇంట్లోనే వదిలేయండి.

బట్టలు మూడు నాలుగు జతలు చాలు, చాలా క్యాంపుల్లో ఉతికి ఇస్తారు. ఇస్త్రీ కూడా చేసి ఇస్తారు, అది అందం కోసమే అనుకోకండి. ఆరబెట్టిన తడిబట్టలపై ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది, దాని పురుగు చర్మంలోకి దూరి గడ్డలా లేస్తుంది. ఇస్త్రీ వేడికి ఆ గుడ్లు చస్తాయి. కొన్ని క్యాంపుల్లో లోదుస్తులు ఉతకరు, గదిలో సబ్బు పొడి పెడతారు. వాటిని గది లోపలే ఆరేసుకోండి.

పాదాలకు ఇప్పటికే వాడి అలవాటైన బూట్ల జత ఒకటి, చెప్పులు ఒక జత సరిపోతాయి. ప్లాస్టిక్ సంచుల్లో ఏదీ సర్దకండి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి, టాంజానియాలో 2019 జూన్ నుంచి వాటిపై నిషేధం ఉంది. కెన్యా పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలూ తీసుకెళ్లకూడదు. స్టీలు సీసా, గుడ్డ సంచులు వెంట ఉండాలి.

6. బైనాక్యులర్, ఆ తర్వాతే కెమెరా

కెమెరా కోసం నెలల తరబడి వెతికేవారు బైనాక్యులర్ దగ్గరికి వచ్చేసరికి జేబులో పట్టేది ఏదో కొంటారు. ఇంటిల్లిపాదికీ ఒక్కటే కొని చేతులు మార్చుకోవడం మరీ అన్యాయం. పొదలోంచి చిరుత తోక కనిపించేది రెండు క్షణాలు. మనిషికొకటి ఉండాలి.

8×42 రకం అన్నివిధాలా అనువైనది, బరువు తగ్గాలంటే 8×32. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం వెడల్పు వస్తుంది. 8×42కి అది 5 మిల్లీమీటర్ల పైమాటే, 10×25కి రెండున్నరే. జంతువులు చురుగ్గా ఉండేది మసక వెలుతురులో కాబట్టి ఆ తేడా తెలిసిపోతుంది. పదిరెట్లవి బండి కదలికకు ఎక్కువగా వణుకుతాయి.

కొన్నాక ఇంట్లోనే మీ కళ్లకు సరిచేసుకోండి. దూరంగా ఉన్న బోర్డు ఒకటి ఎంచుకోండి. కుడికన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమకంటికి అక్షరాలు స్పష్టంగా కనిపించేలా తిప్పండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి కంటి గొట్టం దగ్గరున్న చుట్టును మాత్రమే తిప్పి సరిచేయండి. ఇక దాన్ని ముట్టుకోకండి, మధ్య చక్రంతోనే పని. కళ్లద్దాలు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు అంచులను లోపలికి తిప్పేయాలి. ఎగిరే కాకుల మీద వారం రోజులు సాధన చేస్తే అడవిలో తడుముకోరు.

కెమెరాకు 100–400 మిల్లీమీటర్ల లెన్సు చాలావరకు సరిపోతుంది. బండిలో మూడు కాళ్ల స్టాండుకు చోటుండదు. ఖాళీ గుడ్డ సంచి ఒకటి తీసుకెళ్లి, అక్కడ బియ్యమో గింజలో నింపి కిటికీ అంచున పెట్టి లెన్సు దానిపై ఆనించండి. ఫొటో తీసేముందు ఇంజిను ఆపమని గైడును అడగండి. దుమ్ములో లెన్సు మార్చకండి. బ్యాటరీలు, పవర్‌బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి. డ్రోను తీసుకెళ్లకండి, ఈ పార్కుల్లో దానికి అనుమతి ఉండదు. ఖడ్గమృగం ఫొటోను ఎక్కడ తీశారో తెలిపే వివరాలతో పంచుకోకండి, వేటగాళ్లూ అవే చూస్తారు.

7. డబ్బు

అమెరికన్ డాలర్ల చిన్న నోట్లు కొన్ని ఉంచుకోండి. చిరిగినవి, రాతలున్నవి, 2006కు ముందు ముద్రించినవి చాలాచోట్ల తీసుకోరు. గైడుకూ క్యాంపు సిబ్బందికీ ఇచ్చే టిప్పు ఎంతో క్యాంపునే ముందుగా అడిగి, విడివిడి కవర్లలో పెట్టుకుంటే ఆఖరి రోజు చిల్లర కోసం వెతుక్కోనక్కర్లేదు.

8. క్యాంపులో, బండిలో

చాలా క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక గది నుంచి భోజనానికి వెళ్లాలన్నా కాపలా మనిషి వచ్చేదాకా ఆగాలి. నీటిగుర్రాలు మేతకు వచ్చేది రాత్రిపూటే. గుడారంలో పండ్లు, తినుబండారాలు ఉంచకండి, కోతులూ ఏనుగులూ వాసన పడతాయి. బయటికి వెళ్లేటప్పుడు జిప్పు పూర్తిగా మూయండి. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి. చెరువులు, నిదానంగా పారే నీళ్లు ఎంత తేటగా కనిపించినా దిగకండి. మొసలి లేకున్నా, చర్మంలోంచి ఒంట్లోకి దూరి జబ్బు చేసే బిల్హార్జియా పురుగు ఉండొచ్చు.

బండిలో కూర్చున్నప్పుడు జంతువులు బండినంతటినీ ఒకే ఆకారంగా చూస్తాయి. హఠాత్తుగా లేచినా, చేయి బయటికి చాపినా ఆ ఆకారం చెదిరి అవి బెదురుతాయి. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేయకండి, గైడుకు చెబితే చుట్టూ చూసి భద్రమైన చోట ఆపుతాడు. వెనక సీట్లలో కుదుపు ఎక్కువ, నడుము నొప్పి ఉన్నవారు రెండు ఇరుసుల మధ్య సీటు అడిగి తీసుకోవాలి. బండెక్కగానే సింహం ఎక్కడ అని అడిగే బదులు మీకు పక్షులిష్టమో, ఒకేచోట ఆగి చూడటమిష్టమో గైడుకు చెప్పండి. లేకపోతే అందరినీ తిప్పినట్టే మిమ్మల్నీ పెద్ద జంతువుల జాబితా వెంట తిప్పుతాడు.

9. తిరిగి వచ్చాక

మలేరియా మాత్రల కోర్సు పూర్తయ్యేదాకా ఆపకండి. ఇంటికి వచ్చేశాం కదా అని ఇక్కడే చాలామంది మానేస్తారు. శరీరంలో అప్పటికే చేరిన క్రిములు కాలేయం నుంచి రక్తంలోకి వచ్చేది ఆ రోజుల్లోనే. మూడు నెలల లోపు జ్వరం వస్తే అది మామూలు జ్వరమేలే అని చూస్తూ కూర్చోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఏడాది దాకా ఎప్పుడు జ్వరమొచ్చినా ఏ దేశాలకు, ఏ నెలలో వెళ్లారో డాక్టరు అడగకముందే చెప్పండి.